నొప్పులు తెప్పించే మందు నొప్పి తగ్గిస్తుందా?

ఆక్సిటోసిన్ చాలా చిన్న హార్మోన్. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. కాన్పు గదిలో దీన్ని రోజూ వాడతారు. ప్రసవం మందగించినప్పుడు అరలీటరు సెలైన్ సీసాలో అయిదు యూనిట్లు కలిపి, చుక్కలు లెక్కపెట్టుకుంటూ నరానికి ఎక్కిస్తారు. గర్భసంచి బిగుసుకునే తీరును చేత్తో తడిమి చూస్తూ చుక్కల వేగం పెంచడమో తగ్గించడమో చేస్తారు. బిడ్డ బయటపడ్డాక తల్లికి రక్తస్రావం ఎక్కువ కాకుండా పది యూనిట్లు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆసుపత్రికి వచ్చినవాళ్లు దీని అసలు పేరు పలకరు, 'నొప్పుల ఇంజక్షన్' అంటారు. ఇలా నొప్పులు తెప్పించడానికే పేరుపడ్డ మందు, నెలల తరబడి వదలని నడుంనొప్పినీ నరాల పోట్లనూ తగ్గించగలదా అన్న ప్రశ్న మూడు దశాబ్దాలుగా పరిశోధకులను వెంటాడుతోంది.

దీని చరిత్ర పిల్లులతో మొదలవుతుంది. 1906లో బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ డేల్, పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం నుంచి తీసిన సారాన్ని పిల్లికి ఎక్కిస్తే దాని గర్భాశయం బలంగా ముడుచుకోవడం చూశాడు. నాలుగేళ్ల తర్వాత అదే సారం మేకలో పాలు చేపేలా చేస్తుందని తేలింది. 1953లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యో దాని నిర్మాణాన్ని విప్పి, ప్రయోగశాలలో తయారు చేసి చూపించాడు. అమైనో ఆమ్లాల గొలుసుగా ఉండే హార్మోన్‌ను మనిషి తయారు చేయడం అదే మొదలు. 1955లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. శరీరంలో నీటిని నిలిపి ఉంచే వాసోప్రెసిన్ అనే మరో హార్మోన్ ఆక్సిటోసిన్‌కు దాదాపు కవల. తొమ్మిదింటిలో రెండే అమైనో ఆమ్లాలు తేడా. ఈ పోలిక తర్వాత పెద్ద తలనొప్పే తెచ్చిపెట్టింది.

పల్లెల్లో పాడి ఉన్నవాళ్లకూ ఈ మందు కొత్తేం కాదు. దూడ చనిపోయిన గేదె పాలు చేపకపోతే దొంగచాటుగా ఈ సూది వేయడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న చెడ్డ అలవాటు. దాన్ని అరికట్టాలని కేంద్రం 2018లో ప్రైవేటు కంపెనీలు దేశంలో వాడకానికి ఆక్సిటోసిన్ తయారు చేయకుండా నిషేధించింది. బాలింతల ప్రాణాలు కాపాడే మందు దొరక్కుండా పోతుందన్న వాదన విన్న ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో ఆ నిషేధాన్ని కొట్టేసింది. గేదె పొదుగైనా తల్లి గర్భాశయమైనా పని ఒకటే: రక్తంలోంచి హార్మోన్ వచ్చి కండరాన్ని బిగిస్తుంది.

నొప్పి తగ్గడానికి మాత్రం దారి వేరు. ఆక్సిటోసిన్ పుట్టేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో. అక్కడి పెద్ద నాడీకణాలు దాన్ని పిట్యూటరీకి పంపితే, అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. రక్తంలో పడ్డ హార్మోన్ కొన్ని నిమిషాల్లోనే సగానికి సగం తగ్గిపోతుంది. పైగా రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గట్టి అడ్డుకట్టను అది సులువుగా దాటలేదు. హైపోథాలమస్‌లోనే ఉన్న మరో రకం చిన్న కణాలకు రక్తంతో పనిలేదు. అవి పొడవైన నాడీతంతువులను మెదడు కాండం మీదుగా నేరుగా వెన్నుపాములోకి దించుతాయి. రక్తం దారిన వెళ్లేది గర్భసంచికీ పాలకూ చేరితే, తంతువుల దారిన వెళ్లేది నొప్పి కబుర్లు మోసే చోటికి చేరుతుంది. ఈ రెండు దారుల సంగతి మరిచిపోయి చేసిన ప్రయోగాలే ఈ రంగంలో సగం గందరగోళానికి కారణం.

మూడు నెలలు దాటినా పోని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. వేలు తెగితే కలిగే నొప్పి ఒక హెచ్చరిక. గాయం మానితే అదీ పోతుంది. దీర్ఘకాలిక నొప్పి గాయం మానినా పోదు. వెన్నుపాములోని నాడులు అతిగా స్పందించడం మరిగి, మామూలు స్పర్శను కూడా నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. షుగర్ ముదిరినవాళ్లకు కాళ్ల మీద దుప్పటి అంచు తగిలినా మంట పుట్టడం ఇలాంటిదే. పెద్దవాళ్లలో దాదాపు అయిదింట ఒకరు ఏదో ఒక రకం దీర్ఘకాలిక నొప్పితో బతుకుతున్నారని అంచనా. ఉన్న మందులు అందరికీ పనిచేయవు. మామూలు పెయిన్ కిల్లర్లు ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మార్ఫిన్ జాతి మందులు అలవాటై మనిషిని కట్టిపడేస్తాయి. అమెరికాలో అవి ఎన్ని ప్రాణాలు తీశాయో లోకమంతా చూసింది. అలవాటు పడే గుణం లేని, శరీరమే తయారు చేసుకునే మందు ఒకటి ఉందంటే ఆశ పుట్టడం సహజం.

ఆ ఆశకు గట్టి ఆధారం ఎలుకల నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్, జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు కలిసి 2016లో ఒక పని ప్రచురించారు. ఎలుక హైపోథాలమస్‌లో వేల సంఖ్యలో ఉన్న ఆక్సిటోసిన్ కణాల్లో, సుమారు ముప్పై మాత్రమే ఉన్న ఒక చిన్న గుంపును వాళ్లు గుర్తించారు. ఆ ముప్పై కణాలూ రెండు పనులు చేస్తాయి. ఒక కొమ్మను వెన్నుపాము లోపలి పొరల్లోకి పంపి, అక్కడ నొప్పిని పైకి మోసే కణాలను అణుస్తాయి. ఇంకో కొమ్మతో పెద్ద కణాలను తట్టి లేపి, రక్తంలోకీ ఆక్సిటోసిన్ వదిలిస్తాయి.

దీన్ని రుజువు చేసిన తీరు చూడదగ్గది. ఎలుక వెనుక పాదంలో వాపు తెప్పించే మందు ఎక్కిస్తారు. తర్వాత ఆ పాదం మీద ఒత్తిడిని కొంచెం కొంచెంగా పెంచుతారు. మామూలు ఎలుక బాగా గట్టిగా నొక్కితే తప్ప కాలు తీయదు. వాచిన పాదమున్న ఎలుక కాస్త నొక్కినా కాలు లాక్కుంటుంది. ఎంత ఒత్తిడికి కాలు తీసిందన్నదే నొప్పి కొలత. ఆ కొన్ని కణాలను ఉత్తేజపరిస్తే వాచిన పాదం మళ్లీ ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకుంది. కణాలను పనిచేయకుండా ఆపితే నొప్పి పెరిగింది. కాంతికి స్పందించేలా జన్యువులు మార్చిన కణాల మీద నీలి కాంతి వేసి, వెన్నుపాములో నొప్పి సంకేతం తగ్గడాన్నీ నమోదు చేశారు. ముప్పై కణాలు ఇంత పని చేయడం ఆ రంగంలో ఉన్నవాళ్లనే ఆశ్చర్యపరిచింది.

వెన్నుపాములో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. అక్కడి పై పొరల్లో ఆక్సిటోసిన్ కొన్ని చిన్న కణాలను రేపితే, అవి పక్కనున్న అణిచే కణాలను రేపుతాయి. వాటి వల్ల సన్నని నాడుల మీదుగా వచ్చే నొప్పి కబురు అక్కడే ఆగిపోతుంది. మెత్తని స్పర్శను మోసే లావు నాడుల జోలికి మాత్రం పోదు. అందుకే ఇది మత్తుమందులా అవయవాన్ని మొద్దుబార్చదు. ఇక్కడే కవల హార్మోన్ పేచీ వస్తుంది. ఆక్సిటోసిన్‌కు తన సొంత గ్రాహకంతో పాటు వాసోప్రెసిన్ గ్రాహకాల్లోనూ చోటు దొరుకుతుంది. 2010లో ఎలుకల మీద చేసిన ఒక అధ్యయనంలో, ఆక్సిటోసిన్ వల్ల నొప్పి తగ్గడం ఎక్కువగా వాసోప్రెసిన్ గ్రాహకం ద్వారానే జరిగిందని తేలింది. తాళంచెవి ఒకటైనా తెరుచుకున్నది పక్కింటి తలుపన్నమాట. ఏ తలుపు ద్వారా పని జరుగుతోందో తేలితే తప్ప దానికి సరిపడే కొత్త మందు తయారు చేయడం కష్టం.

మనుషుల్లో ఆధారం అనుకోని చోట దొరికింది. పెద్ద ఆపరేషన్లు అయినవాళ్లలో కొంతమందికి కోత మానినా నొప్పి నెలల తరబడి మిగిలిపోతుంది. సిజేరియన్ కూడా పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషనే. కాని కాన్పు తర్వాత, అది మామూలుదైనా సిజేరియనైనా, నొప్పి అలా పాతుకుపోవడం చాలా అరుదు. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో మత్తు వైద్య నిపుణుడు జేమ్స్ ఐసెనాక్ బృందం 2013లో ప్రచురించిన లెక్కల్లో, కాన్పు వల్ల వచ్చిన నొప్పి ఆరు నెలలకు 1.8 శాతం మందిలో, ఏడాదికి 0.3 శాతం మందిలో మాత్రమే మిగిలింది. బాలింత శరీరంలో ఏదో రక్షణ ఉండాలి కదా అన్నది వాళ్ల అనుమానం.

అదే బృందం ఆ అనుమానాన్ని తల్లి ఎలుకల మీద పరీక్షించింది. ఈనిన ఒక్కరోజులోపు నాడికి గాయం చేస్తే మొదట పాదం బాగా సున్నితమైంది. రెండు మూడు వారాల్లో ఆ బాధ కొంత తగ్గుతూ వచ్చింది. గాయం కడుపుతో ఉన్నప్పుడే చేస్తే, ఈనిన తర్వాత నుంచి నొప్పి తగ్గడం మొదలైంది. పిల్లలను తల్లి దగ్గర్నుంచి తీసేస్తే తగ్గలేదు. పాలిచ్చే తల్లి ఎలుకల్లో వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో ఆక్సిటోసిన్ ఎక్కువగా ఉంది. పిల్లలను తీసేశాక తిరగబెట్టిన నొప్పి, వెన్నుపాము దగ్గర ఆక్సిటోసిన్ ఇస్తే తగ్గింది. ఆక్సిటోసిన్‌ను అడ్డుకునే మందు వెన్నులోకి ఇస్తే, తగ్గిన నొప్పి కాసేపు తిరిగి వచ్చింది. అయితే ఇదంతా ఎలుకల లెక్క. తల్లులకు అలాగే వర్తిస్తుందని ఇంకా ఎవరూ చూపించలేదు.

నడుము దగ్గర వెన్నుపాము ద్రవంలోకి సూది వేయడం వైద్యులకు కొత్త కాదు, సిజేరియన్‌కు మత్తు ఇచ్చేది అలాగే. 1994లో చైనా పరిశోధకుడు యాంగ్, నడుంనొప్పి ఉన్నవాళ్లకు ఇదే పద్ధతిలో ఆక్సిటోసిన్ ఇస్తే నొప్పి తగ్గిందని, శరీరంలోని సహజ మార్ఫిన్ లాంటి పదార్థాలకూ అందులో పాత్ర ఉందని రాశాడు. ఆ ఫలితాన్ని మరెవరూ అదే స్థాయిలో తిరిగి రాబట్టలేదు. రెండు దశాబ్దాల తర్వాత, 2015లో ఐసెనాక్ బృందం ఆరోగ్యవంతులైన వాలంటీర్లలో క్రమంగా మోతాదు పెంచుతూ ఇచ్చి, ఈ పద్ధతి భద్రమో కాదో చూసింది. పెద్ద ప్రమాదాలేవీ బయటపడలేదు.

అసలు పరీక్ష తుంటి కీలు మార్పిడి ఆపరేషన్లలో జరిగింది. 2023లో వెలువడిన ఆ ఫలితాల్లో తొంభై మంది రోగులున్నారు. ఆపరేషన్‌కు ముందు 44 మందికి వెన్నులోకి 100 మైక్రోగ్రాముల ఆక్సిటోసిన్, 46 మందికి ఉత్త సెలైన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. వాళ్లు రోజూ నొప్పి ఎంతుందో డైరీలో రాసుకున్నారు. ఎంత నడిచారో లెక్కపెట్టే పరికరం ఒంటి మీద పెట్టుకున్నారు. నిధులు చాలక అధ్యయనాన్ని అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. ప్రధాన ప్రశ్నకు జవాబు నిరాశే: రోజులో అతిగా వచ్చిన నొప్పి ఎంత అని అడిగితే రెండు గుంపులకూ తేడా లేదు. అయితే ఆక్సిటోసిన్ తీసుకున్నవాళ్లు మార్ఫిన్ జాతి మాత్రలు ముందుగా మానేశారు. మొదటి మూడు వారాల్లో వాళ్లకు రోజువారీ పనుల్లో ఇబ్బంది తక్కువగా ఉంది. ఎనిమిది వారాలకు రోజుకు దాదాపు వెయ్యి అడుగులు ఎక్కువ నడుస్తున్నారు. నొప్పి అంకె మారకుండానే మనిషి ఎక్కువ నడవగలగడం మామూలు విషయం కాదు. ఇవి పక్కన చూసిన లెక్కలు కాబట్టి, వీటి మీదే మరో పరీక్ష చేస్తే తప్ప నమ్మడానికి లేదు. ఒకే ఒక్క మోతాదు ప్రభావం ఎనిమిది వారాలు ఎలా నిలిచిందన్నదీ అంతే పెద్ద ప్రశ్న.

జనంలో ఎక్కువ ప్రచారం మాత్రం ముక్కు దారికే వచ్చింది. వెన్నులో సూది ఎవరికి ఇష్టం? ముక్కులో స్ప్రే కొట్టుకుంటే నేరుగా మెదడుకు చేరుతుందన్న ఊహ ఆకర్షణీయంగానే ఉంది. 2005లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, ఈ స్ప్రే వాడితే డబ్బు పందెంలో మనుషులు పరాయివాళ్లను ఎక్కువ నమ్ముతారని చెప్పింది. అప్పట్నుంచి పత్రికలు దీనికి 'ప్రేమ హార్మోన్' అని పేరు తగిలించాయి. తర్వాత చాలామంది అదే ప్రయోగం చేసి ఆ ఫలితం రాబట్టలేకపోయారు. స్ప్రేలో ఇచ్చిన మందులో మెదడు చుట్టూ ఉన్న ద్రవంలోకి చేరేది వెయ్యోవంతు కూడా కాదని ఎడిన్‌బరోకు చెందిన గారెత్ లెంగ్, మైక్ లుడ్విగ్ 2016లో వాదించారు. మిగతాదంతా ముక్కులోంచి రక్తంలోకి, కడుపులోకి పోతుంది.

ముక్కు స్ప్రేతో దీర్ఘకాలిక నొప్పికి చేసిన ప్రయోగాల్లో చాలావరకు నిరాశే ఎదురైంది. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా ఉన్న 14 మంది మహిళల మీద ఇటలీలో జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. నొప్పిలో గాని దిగులులో గాని మార్పు కనబడలేదు. మైగ్రేన్ మీద ఆశలు ఎక్కువగా ఉండేవి. ముఖానికీ తలకూ నొప్పి కబుర్లు మోసే ట్రైజెమినల్ నాడి కొసలు ముక్కు లోపలిదాకా వస్తాయి, ఆ నాడీకణాల మీద ఆక్సిటోసిన్ గ్రాహకాలూ ఉన్నాయి. కాబట్టి మెదడు దాకా పోకపోయినా ముక్కులోనే పని జరగొచ్చు. ఆ ఆలోచనతో అమెరికాలోని టోనిక్స్ ఫార్మాస్యూటికల్స్ ఆక్సిటోసిన్‌కు మెగ్నీషియం కలిపిన స్ప్రే తయారు చేసింది. తరచూ మైగ్రేన్ వచ్చేవాళ్ల మీద చేసిన దాని రెండో దశ పరీక్ష, తలనొప్పి రోజులు తగ్గించాలన్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదని 2023 డిసెంబరులో కంపెనీయే ప్రకటించింది.

నొప్పిని కొలవడంలోనే ఒక చిక్కుముడి ఉంది. 2013లో జర్మనీలోని హాంబర్గ్ పరిశోధకులు మగ వాలంటీర్ల ముంజేతికి మందు లేని ఉత్త లేపనం రాసి, ఇది నొప్పి తగ్గిస్తుందని చెప్పారు. తర్వాత అక్కడ వేడి తగిలించారు. ముందుగా ముక్కులో ఆక్సిటోసిన్ కొట్టినవాళ్లకు ఆ ఉత్త లేపనం మరింత బాగా పనిచేసింది. అంటే హార్మోన్ నొప్పిని తగ్గించిందా, డాక్టరు మాట మీద నమ్మకాన్ని పెంచిందా అన్నది విడదీయడం కష్టం. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మహిళల మీద చేసిన మరో ప్రయోగంలో ఆ ప్రభావమే కనబడలేదు. ఆడవాళ్లలో, మగవాళ్లలో ఈ హార్మోన్ ఒకేలా పనిచేయదన్న అనుమానం మొదట్నుంచీ ఉంది. ఈస్ట్రోజెన్ పెరిగే కొద్దీ ఆక్సిటోసిన్ గ్రాహకాల సంఖ్య మారుతుంది కాబట్టి, నెలసరిలో ఏ రోజున పరీక్షించారన్నది కూడా ఫలితాన్ని తారుమారు చేయగలదు. పది ఇరవై మందితో చేసే పరీక్షలకు ఈ తేడాలన్నీ పట్టుకునే శక్తి లేదు.

అందుకే కొందరు రసాయన శాస్త్రవేత్తలు హార్మోన్‌ను పక్కనపెట్టి, దాని పని చేసే చిన్న అణువు కోసం వెతికారు. స్ట్రాస్‌బర్గ్‌లో తయారైన ఎల్‌ఐటీ-001 అలాంటిది. ఇది అమైనో ఆమ్లాల గొలుసు కాదు. రక్తంలో నిమిషాల్లో కరిగిపోదు. 2020లో ప్రచురించిన ప్రయోగంలో, పాదం వాచిన ఎలుకలకు ఒక్కసారి ఇస్తే గంటల తరబడి నొప్పి తగ్గింది. మనుషుల్లో ఇంకా దీని ఊసు లేదు. కాన్పు తర్వాత రక్తస్రావానికి వాడే కార్బెటోసిన్ కూడా ఆక్సిటోసిన్ కన్నా చాలా ఎక్కువసేపు నిలిచే మందే. కాబట్టి దాన్ని కూడా నొప్పి మీద పరీక్షించడం మొదలైంది.

అమెరికాలో కొందరు నొప్పి వైద్యులు, ఫార్మసీలో ప్రత్యేకంగా కలిపించిన ఆక్సిటోసిన్ స్ప్రేలు, నాలుక కింద పెట్టుకునే బిళ్లలు రాస్తున్నారు. వాటి వెనుక పెద్ద పరీక్షల ఆధారం లేదు. మన దగ్గర మందుల షాపులో దొరికేది కాన్పుల కోసం తయారైన ఇంజక్షన్, అదీ డాక్టరు చీటీ మీదనే. దాన్ని ఎక్కువ మోతాదులో ఎక్కువసేపు ఎక్కిస్తే, వాసోప్రెసిన్ పోలిక వల్ల ఒంట్లో నీరు నిలిచి, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. నరానికి ఒక్కసారిగా ఎక్కిస్తే బీపీ పడిపోయి, గుండె దడదడలాడుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకు అకాలంలో నొప్పులు మొదలయ్యే ప్రమాదమూ ఉంది. ఏ దేశంలోనూ ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని దీర్ఘకాలిక నొప్పికి మందుగా ఆమోదించలేదు.